కళ్ళజోడు పెట్టెలో తొమ్మిది రోజులు

మా అమ్మమ్మను వీధిలో అందరూ చిల్లరమ్మ అంటారు. ఎదురుగా కాదు, వెనక. ఎదురుగా అనే ధైర్యం మనవలకే ఉంది, అదీ ఆవిడ చేతికి అందనంత దూరంలో నిలబడి. ముప్పయ్యొక్క ఏళ్ళు బస్‌స్టాండులో టికెట్ల కౌంటర్ వెనక కూర్చున్న మనిషి. ఒకసారి ఒక పెద్దాయన చిల్లర మరిచిపోయి బస్సెక్కేస్తే, కౌంటర్‌కు తాళం వేసి, చెప్పు తెగినా ఆగకుండా పరుగెత్తి, కదులుతున్న బస్సు కిటికీలోంచి ఆ నాణేలు ఆయన ఒళ్ళో పోసి వచ్చిందట. ఈ కథ ఆవిడ నెలకోసారైనా చెబుతుంది. క్యూలో నిలబడ్డ నలభై మంది వెనకనుంచి ఏమని తిట్టారో మాత్రం చెప్పదు. అది తాతయ్య చెప్పాడు.

ఇంట్లో పిల్లలు దుకాణానికి వెళ్ళొస్తే రసీదు అడుగుతుంది. రసీదు ఇవ్వని దుకాణమైతే ఏం కొన్నారో, ఎంతకు కొన్నారో గోడ పక్కన నిలబెట్టి ఎక్కాల్లాగా అప్పజెప్పిస్తుంది. ఆ గోడ పక్కన నిలబడని వాడు ఈ ఇంట్లో లేడు. తాతయ్యతో సహా.

అలాంటి మనిషికి తమ్ముడొకడున్నాడు. ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్. నోరు మంచిది, పనితనం మంచిది, లెక్కలు మాత్రం ఎంత చెప్పినా తలకెక్కవు. ఆయనకు ఒక ఏడాది ఉన్నట్టుండి వార్డు కౌన్సిలర్‌గా నిలబడాలని బుద్ధి పుట్టింది. నేరుగా అక్క దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"డబ్బు వ్యవహారం నువ్వు చూస్తానంటేనే నిలబడతానక్కా. నువ్వుంటే జనం కళ్ళు మూసుకుని ఇస్తారు."

"కళ్ళు మూసుకోవడమెందుకురా? తెరిచే ఇవ్వమను," అంది అమ్మమ్మ. ఆ మాట అన్నాక తనకే నచ్చి, ఆ వారమంతా ఇంటికొచ్చిన వాళ్ళందరికీ వినిపించింది.

ఎన్నికల్లో నిలబడ్డ వాళ్ళకు అప్పట్లో ఒక నియమం ఉండేది. మూడు నెలలకోసారి, ఎవరెవరు ఎంతెంత ఇచ్చారో, అది దేనికి ఖర్చయిందో కాగితం మీద రాసి మునిసిపల్ ఆఫీసు బోర్డుకు అంటించాలి. అమ్మమ్మ కాగితాలు చూడముచ్చటగా ఉండేవి. స్కేలు పెట్టి గీతలు, గుండ్రటి అక్షరాలు, మొత్తం కింద రెండు గీతలు. పాలవాడు ఇచ్చిన చిన్న నోటు దగ్గర్నుంచి అన్నీ అందులో ఉన్నాయి. ఎదుటి పక్షం వాళ్ళు కూడా వచ్చి చూసి, "ఈవిడ మనవైపు ఉంటే బాగుండేది," అనుకున్నారట. ఇది కూడా ఆవిడ చెప్పిందే కాబట్టి సగం తీసుకుంటే చాలు.

ఆ నియమంలో ఒక కన్నం ఉంది. ఓటింగుకు ముందు అంటించాల్సిన ఆఖరి కాగితానికి గడువు, ఓటింగుకు సరిగ్గా పంతొమ్మిది రోజుల ముందు. దాని తర్వాతి కాగితం మళ్ళీ మూడు నెలలకు. ఈ మధ్యలో ఎవరిచ్చింది ఎంతో ఓటేసే వాడికి తెలిసే దారి లేదు. బస్సు వెళ్ళిపోయాక టైంటేబుల్ అంటించినట్టన్నమాట.

గడువుకు ఐదు రోజులుందనగా చెత్త లారీల కాంట్రాక్టరు ఇంటికొచ్చాడు. ఊరంతటి చెత్త ఎత్తే కాంట్రాక్టు ఆయనదే. రోజూ రావాల్సిన లారీ వారానికోసారి వస్తే అదే గొప్ప. ఆయన కాఫీ తాగి, గోడమీద పిల్లల ఫొటోలు మెచ్చుకుని, చెక్కొకటి బల్లమీద పెట్టి వెళ్ళాడు. అమ్మమ్మ అంకె చూసింది. మూడు నెలల్లో మిగతా అందరూ కలిసి ఇచ్చిన దానికన్నా ఎక్కువ. అలవాటు కొద్దీ రసీదు పుస్తకం అందుకోబోయింది. తమ్ముడు ఆ పుస్తకం మీద చెయ్యి వేశాడు.

"వారం ఆగి బ్యాంకులో వేద్దామక్కా."

"ఎందుకాగడం?"

"బ్యాంకులో పడ్డ రోజే డబ్బు అందినట్టు లెక్క. నియమమే అలా ఉంది, కావాలంటే చదువుకో. ఇప్పుడు వేస్తే బోర్డెక్కుతుంది. ఆయన కాంట్రాక్టు రద్దు చేయిస్తానని వీధివీధినా అరుస్తున్నది నేనే కదా!"

"మరి తీసుకోవడమెందుకురా? తిరిగిచ్చెయ్."

"ప్రింటింగ్ ప్రెస్ వాడికి నువ్విస్తావా? మైకు వాడికి నువ్విస్తావా? ఇది తప్పు కాదక్కా. తప్పయితే నువ్వే చెప్పు, ఏ నియమం కింద తప్పో."

అమ్మమ్మ ఆ నియమాల పుస్తకం మూడుసార్లు చదివింది. ఎక్కడా తప్పు దొరకలేదు. చెక్కును నాలుగు మడతలు పెట్టి తన కళ్ళజోడు పెట్టెలో పెట్టింది. ఎందుకక్కడ పెట్టిందో ఆవిడకే తెలియదు. కళ్ళజోడు తీసినప్పుడల్లా అది కనిపించేది. తొమ్మిది రోజులు అక్కడే ఉండి, ఆ తర్వాత బ్యాంకుకు వెళ్ళింది. ఆ తొమ్మిది రోజులూ ఆవిడ పేపరు చదవలేదు. "కళ్ళు మంటలు," అని పడుకునేది.

ఏడో రోజున వీధి మలుపులో ఇస్త్రీ అతను ఆవిణ్ని ఆపాడు. అతని బల్లకు నాలుగడుగుల దూరంలోనే చెత్తకుప్ప. ఇస్త్రీ చేసిన బట్టలకు ఆ వాసన అంటుకుంటోందని ఖాతాదారులు ఒక్కొక్కరే మానేస్తున్నారు.

"అమ్మా, ఒక్క మాట. మీ తమ్ముడి వెనక ఆ లారీల వాడున్నాడంటున్నారు. మా ఇంట్లో ఐదు ఓట్లు. మీరు లేదంటే లేదు, ఇంకెవర్నీ అడగను."

అమ్మమ్మ చంకలో సంచి, సంచిలో కళ్ళజోడు పెట్టె.

"లెక్కలన్నీ బోర్డుకు అంటించాను కదయ్యా! పోయి చూసుకో. అందులో ఎక్కడైనా ఆయన పేరుందా?"

"అంటించింది మీరైతే ఇంక చూసేదేముంది!" అని నవ్వి, నిప్పుల మీద ఉఫ్ అని ఊదుకున్నాడు అతను.

ఆవిడ అన్న దాంట్లో ఒక్క అబద్ధమూ లేదు. ఇంటికి వచ్చేదాకా ఆ సంగతి తనకు తాను చెప్పుకుంటూనే ఉంది. ఇంట్లో కాళ్ళు కడుక్కుని, ఇంకోసారి చెప్పుకుని, ఇంకోసారి కాళ్ళు కడుక్కుంది.

తమ్ముడు అరవై రెండు ఓట్లతో గెలిచాడు. కౌన్సిల్ రెండో సమావేశంలోనే చెత్త లారీల కాంట్రాక్టు ఇంకో నాలుగేళ్ళు పొడిగించారు. ఎత్తిన చేతుల్లో ఈయన చెయ్యీ ఉంది. "ఇంకెవడూ టెండరు వెయ్యలేదక్కా, నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు. ఆ తర్వాత గడువు రాగానే అమ్మమ్మ కొత్త కాగితం రాసింది, కాంట్రాక్టరు పేరుతో, తేదీతో, కింద రెండు గీతలతో. తనే వెళ్ళి అంటించి వచ్చింది. ఎన్నికలయ్యాక ఆ బోర్డు వంక చూసేదెవరు? వానకు జిగురు ఊడి ఒక మూల వేలాడింది.

పోనీ ఇస్త్రీ అతను వచ్చి నాలుగు దులిపి ఉంటే ఆవిడకు తేలికయ్యేదేమో. అతను అలా చేయలేదు. కనిపించినప్పుడు జాలిపడ్డాడు. "మీ తమ్ముణ్ని ఎవరో బుట్టలో వేసినట్టున్నారమ్మా, పాపం! మీ ఇంటి మనిషి కదా, తెలిసి చేసి ఉండడు," అన్నాడు. అమ్మమ్మకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజునుంచి మలుపు తప్పించి, బడి వెనక సందులోంచి చుట్టూ తిరిగి రావడం మొదలుపెట్టింది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి, అరకిలోమీటరు ఎక్కువ. బట్టలు ఇంట్లోనే ఇస్త్రీ చేసి రెండు దుప్పట్లు, తాతయ్య చొక్కా ఒకటి కాల్చింది.

"ఏమే అమ్మమ్మా, ఇస్త్రీ అతనికి బాకీ ఎగ్గొట్టావా?" అని ఆటపట్టించారు పిల్లలు. మామూలుగా అయితే చేతికందింది విసిరేది. ఆ రోజు ఏమీ విసరలేదు. లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. ఆ ఎకసెక్కం మళ్ళీ ఎవరూ ఆడలేదు.

ఎనిమిది నెలలు గడిచాయి. ప్రచారం లెక్కలు ఎన్నాళ్ళకోసారి బయటపెట్టాలో జనం అభిప్రాయం చెప్పమని మునిసిపల్ ఆఫీసు సభ పెట్టింది. తమ్ముడు ఒక కాగితం పట్టుకొచ్చాడు.

"నువ్వు మాట్లాడాలక్కా. మూడు నెలలకోసారి చాలని, అంతకన్నా తరచుగా అయితే డబ్బులేని అభ్యర్థులు ఆ చాకిరీ చెయ్యలేరని. లెక్కలు రాసిన మనిషివి, నువ్వు చెబితే ఎదురుండదు. అన్నీ ఇందులో రాశాను, చదివేస్తే చాలు."

హాల్లో ఇనప కుర్చీలు, కరకరలాడే ఫ్యాను, అరవై మంది. ఒక కుర్ర లాయరు లేచి వారంవారం పెట్టాల్సిందే అన్నాడు. కుట్టుపని చేసుకునే ఒకామె లేచి, "పోయినసారి నేనూ నిలబడ్డాను. వారంవారం లెక్కలంటే నేను మిషను తొక్కేదెప్పుడు, ఓట్లడిగేదెప్పుడు? డబ్బున్న వాడు గుమస్తాను పెట్టుకుంటాడు," అంది. దానికీ చప్పట్లు కొట్టారు. అమ్మమ్మ కూడా కొట్టింది.

తన వంతు వచ్చాక తమ్ముడి కాగితాన్ని మడిచి కుర్చీలో పెట్టి లేచింది.

"ఆ అమ్మాయి చెప్పింది నిజం. మామూలు రోజుల్లో నెలకోసారి చాలు. ఆఖరి నెల మాత్రం ఏ రోజు చేతికొచ్చింది ఆ రోజే పెట్టాలి. బ్యాంకులో పడ్డ రోజు కాదు, చేతికొచ్చిన రోజు. ఎందుకంటే ఒక చెక్కును నేను తొమ్మిది రోజులు కళ్ళజోడు పెట్టెలో దాచాను."

ఎవరిదో, ఎంతో, ఎవరి కోసమో అన్నీ చెప్పింది. అధ్యక్షుడు కళ్ళద్దాల మీదనుంచి చూసి, "అంటే నియమం తప్పారా అమ్మా?" అని అడిగాడు.

"తప్పలేదు సార్. తప్పి ఉంటే జరిమానా కట్టేసి నిద్రపోయేదాన్ని."

హాల్లో కొందరు నవ్వారు. ఆవిడ నవ్వించడానికి అనలేదు.

మెట్ల దగ్గర తమ్ముడు పట్టుకున్నాడు. ముఖం కందగడ్డలా ఉంది. "నలుగురిలో నా పరువు తీశావు కదక్కా!"

"ముందు నాది పోయిందిరా. ఎనిమిది నెలలైంది, నువ్వు చూడలేదు."

ఆయన స్కూటర్ మీద వెళ్ళిపోయాడు. సభకు వచ్చేటప్పుడు దాని మీదే వెనక కూర్చుని వచ్చింది ఆవిడ. ఇప్పుడు నడిచి ఇంటికి చేరింది. అరవై మంది ముందు చెప్పేసినా, చెప్పాల్సిన మనిషి ఆ సభకు రాలేదు. పనివేళ కదా, బల్ల దగ్గర నిలబడి ఉంటాడు.

మర్నాడు పొద్దున బట్టలు మూటగట్టి, సందులోంచి కాకుండా తిన్నగా మలుపు దగ్గరికి వెళ్ళింది. కుప్ప ఇంకా పెరిగింది. అతను చూసి ముఖం వెలిగించుకుని, "ఎన్నాళ్ళకెన్నాళ్ళకమ్మా! ఒంట్లో బాగాలేదా?" అన్నాడు.

"బాగానే ఉన్నానయ్యా. నువ్వు ఆ రోజు అడిగావే, లారీల వాడి సంగతి. నేను బోర్డు చూసుకోమన్నప్పుడు వాడి చెక్కు నా సంచిలోనే ఉంది."

అతను ఇస్త్రీపెట్టె తీసి నిలబెట్టాడు. తిడతాడని ఆవిడ కాచుకుని నిలబడింది. తిట్టలేదు. ఈగల్ని తోలి, బల్ల తుడిచి, మూట ముందుకు లాక్కున్నాడు.

ఇరవై ఏళ్ళుగా ఆవిడ మూట అతను ఆవిడ ఎదుట విప్పింది లేదు. ఆవిడ ఎన్నంటే అన్నే. ఆ రోజు ముడి విప్పి, ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతూ పైకి లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. పద్నాలుగు దాకా ఆవిడ కదలకుండా నిలబడింది.

"పద్నాలుగు," అన్నాడు. "అంతేనా అమ్మా?"

"అంతే," అంది అమ్మమ్మ. ఆ మాట అతనికి వినపడలేదు. రెండోసారి అనాల్సొచ్చింది.