ఎర్ర చుక్కలు, నీలం చుక్కలు

మా ఇంట్లో నాకు అనుమానాల మాస్టారని పేరు. పాలల్లో నీళ్ళు కలిశాయని అందరూ అంటారు, ఎన్ని కలిశాయో చెప్పగలనని నా ధీమా. అనుమానం పెనుభూతమని అమ్మ వందసార్లు చెప్పి ఉంటుంది. నేను ఆ భూతానికి రెండుపూటలా అన్నంపెట్టి పెంచాను. ఒక కెమెరా పుణ్యమా అని అది నన్నే కరిచింది.

కొల్లేటిలో చేపల చెరువుల గట్లు ఇంకా కొట్టెయ్యని రోజులవి. ఉంగుటూరు దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. తాడేపల్లిగూడెంలో అమ్మా నేనూ ఉండేవాళ్ళం. అక్కను ఏలూరు ఇచ్చాం. ఓడలో పనిచేసే స్నేహితుడిచేత బావగారు సింగపూరు నుంచి ఒక కెమెరా తెప్పించుకున్నారు. దానికి మూరెడు లెన్సు. బీరువాలో పట్టుబట్టల మధ్య ఉండేది. ఎంత దగ్గరివాళ్ళ పెళ్ళయినా ఆయన చేత్తోనే బయటికి రావాలి, ఆయన చేత్తోనే లోపలికి పోవాలి.

మా బడిపిల్లలు పుట్టి బుద్ధెరిగి కొల్లేటి పక్కనే ఉన్నా సంచిముక్కు గూడబాతును దగ్గరగా చూసినవాళ్ళు లేరు. సైన్సు ఎగ్జిబిషన్‌కి పెద్ద ఫొటోలు పెడదామనిపించి అక్కను అడిగాను. అక్క బావగారిని అడిగింది. ఆయన రెండు వారాలు ఆలోచించి ఇచ్చారు. ఇచ్చేటప్పుడు అక్క పక్కనే నిలబడి, "మా తమ్ముడు కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటాడండీ. నాదీ పూచీ" అంది. పెళ్ళయిన ఆరేళ్ళలో పుట్టింటివాళ్ళ కోసం ఆవిడ ఆయన్ని అడిగింది ఇదొక్కటే. మా పేరెత్తితే ముక్కు విరిచే అత్తగారు ఆ మాట వింటూ హాల్లోనే కూర్చుని ఉన్నారు.

ఆదివారం పొద్దున్నే మా బడి డ్రాయింగు మాస్టారూ నేనూ దోనె ఎక్కాం. పక్షులు చెట్లనిండా ఉన్నాయి. ఒక రీలు సగం అయ్యాక డ్రాయింగు మాస్టారు ఒక్కసారి చూస్తానన్నాడు. అందించాను. ఆయన అందుకుంటూండగానే దోనె ఒరిగింది, కెమెరా జారి అడుగున చేరిన నీళ్ళలో పడింది. అరజానెడు నీళ్ళు కూడా లేవు. కానీ మళ్ళీ తీసి నొక్కితే పలకలేదు.

ఇంటికొచ్చేదాకా ఆయనతో మాట్లాడలేదు. కిందటేడు వాళ్ళ చెల్లెలి పెళ్ళికి ఈ కెమెరా ఇప్పించమని ఆయన అడిగితే, మా బావగారు ఇవ్వరని చెప్పాను. ఆ కక్ష మనసులో పెట్టుకుని కావాలని వదిలేశాడా? అలా వదిలేసిన మనిషి మరి దాని వెనకే నీళ్ళలో చెయ్యిపెట్టి పంచె అంతా ఎందుకు తడుపుకుంటాడు? అదీ నటనేనేమో. మెడకు గుచ్చుకుంటోందని పట్టీ విప్పేసింది నేనేనన్న సంగతి నా ఆలోచనలో ఎక్కడా రాలేదు.

లెన్సు ఊడదీసి, రెంటినీ తువ్వాలు మీద పెట్టి ఫ్యానుకింద ఆరబెట్టాను. మర్నాడు బడికి వెళ్ళి సాయంత్రం వచ్చేసరికి తువ్వాలు మీదే ఉన్నాయి, చూస్తే ఒక్క చుక్క తడిలేదు. నొక్కితే కర్రుమని ఏదో నలిగిన చప్పుడు. అంతే.

ఏలూరు పవరుపేటలో కెమెరాలు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారని విన్నాను. వాళ్ళ చేతికి వస్తువిస్తే మంచి ముక్కలు లాగేసి పాతవి పెడతారని నా నమ్మకం. అలమరలో అక్క పెళ్ళికి ముందు వాడిన గోళ్ళరంగు సీసా ఒకటి అడుగున ఎండిపోతూ కనిపించింది. అగ్గిపుల్ల ముంచి, కెమెరాలో విడిపోయే ప్రతి ముక్క అంచునా ఆవగింజంత ఎర్రచుక్క పెట్టాను. ఎనిమిది చుక్కలు. చుక్క లేని ముక్క తిరిగొస్తే దొంగ దొరికినట్టే.

ఏలూరు వెళ్ళడం అంటే బావగారి ఊరికి వెళ్ళడమే. కెమెరాను కూరల సంచిలో అడుగున పెట్టి, పైన గోంగూర కట్టలు పేర్చి పాసింజరెక్కాను. దెందులూరులో ఎక్కిన ఒకాయన నా సంచివంక చూశాడు. బావగారి ఆఫీసులో పనిచేసేవాడేమోనని మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాడు ఎలా ఉంటాడో ఆ రోజు నన్ను చూస్తే తెలిసేది.

కెమెరాలాయన దుకాణం ఒక మంచం పట్టేంత ఉంది. కంటికి అద్దం బిగించుకుని, నా ఎర్రచుక్కల్ని చూశాడు. నన్నూ చూశాడు. లోపల నీరుపోయిందనీ, విప్పి చూడాలనీ, వారం పడుతుందనీ చెప్పాడు. ఎవరిదని అడిగితే నాదేనన్నాను. ఆయన నవ్విన తీరు చూసి, ఈయనకు బావగారు తెలుసేమోనన్న కొత్త అనుమానం సంచిలో వేసుకుని తిరిగొచ్చాను.

ఆ వారంలో అక్క ఫోను చేసింది. అత్తగారు పక్కనెక్కడో ఉన్నారేమో, గొంతు బాగా తగ్గించి మాట్లాడింది. "ఒరే తమ్ముడూ, ఆయన రోజూ అడుగుతున్నారు. ఏదైనా అయితే ఇప్పుడే చెప్పు. నేనేదో సర్దుకుంటాను. ఆఖర్న తెలిస్తే మాత్రం ఇంక ఈ ఇంట్లో నా మాట చెల్లదు."

ఏమీ కాలేదని చెప్పాను. రీలు ఇంకా అవలేదన్నాను. ఫోను పెట్టేశాక చాలాసేపు నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ అసహ్యం కూడా ఎంతోసేపు నిలవలేదు. అసలు బావగారు రెండు వారాలు ఆలోచించి మరీ ఎందుకిచ్చారు, ముందే పాడైనదాన్ని మాకు అంటగట్టారేమోనన్న ఆలోచన దాన్ని తరిమేసింది.

వారానికి దుకాణానికి వెళితే కెమెరా ముక్కలు ముక్కలుగా బల్లమీద ఉంది. ఆయన కాగితం మీద కాస్త తెల్లపొడి పోసి చూపించాడు.

"నీళ్ళవల్ల పెద్ద నష్టం లేదండి మాస్టారూ. ఈ పొడే కొంప ముంచింది. షట్టరు రేకుల మధ్య నిండా ఉంది. ఏం పోశారండి ఇందులో?"

మేం ఏమీ పొయ్యలేదన్నాను. చుక్కలు లెక్కపెట్టాను. ఏడే. కన్నుపెట్టి చూసేచోట ఉండాల్సిన నల్ల రబ్బరు ముక్క లేదు. అది వచ్చినప్పుడే లేదన్నాడాయన. నాకు ఒళ్ళు మండిపోయింది. అందరి వస్తువులూ ఇలాగే చేస్తారా, పొడి మీరే పోసి పని పెంచుకుంటున్నారా అని నోటికొచ్చినట్టు అనేశాను. పక్క కొట్లోవాళ్ళు తొంగిచూశారు. ఆయన అద్దం తీసి బల్లమీద పెట్టి, "సాయంత్రానికి బిగించి ఇచ్చేస్తానండి. ఇంకెవరికైనా చూపించుకోండి" అన్నాడు. గొంతు కూడా పెంచలేదు. పెంచకపోవడంతో నా అనుమానం గట్టిపడింది.

సాయంత్రందాకా ఉండే ఓపిక లేక, రేపొస్తానని చెప్పి ఇంటికొచ్చేశాను. అమ్మ వంటింటి గడపలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. "ఎంత బోరిక్ పౌడరు కలిపినా పురుగు పడుతూనే ఉందిరా" అంటూ నల్లగా ఉన్నదేదో గోటితో బయటికి చిమ్మింది. అది నా కాలిదగ్గర పడింది. పురుగు కాదు. రబ్బరు ముక్క. అంచున చుక్క లేదు. చుక్కలు పెట్టే రోజుకే అది బియ్యం డబ్బాలో ఉంది కాబట్టి ఉండదు. నేను పెట్టినవి ఏడే. ఎనిమిదని లెక్క తప్పింది నేనే.

అమ్మ మొహం పాలిపోయింది. నేను బడికెళ్ళిన సోమవారం పగలంతా కెమెరాను బియ్యం డబ్బాలో కప్పిపెట్టిందట.

"ఉప్పు చెమ్మగిల్లకుండా జాడీలో నాలుగు బియ్యపు గింజలు వేస్తాం కదరా. చెమ్మ లాగేస్తుందనుకున్నాను. అక్క ఆ ఇంట్లో మాట పడకూడదని..."

సైన్సు మాస్టారింట్లో సైన్సు తెలిసింది అమ్మకే. నేను లెన్సు ఊడదీసి నోరు తెరిచిపెట్టిన కెమెరాలోకి బోరిక్ పౌడరు పోతుందని పాపం ఆవిడకేం తెలుసు? కోప్పడలేకపోయాను. ఆవిడ చీర చెంగుతో రబ్బరు ముక్కను తుడుస్తూనే ఉంది.

మర్నాడు వెళ్ళి ఆ పెద్దాయన ముందు నిలబడ్డాను. బియ్యం సంగతి చెప్పి, క్షమించమని అడిగాను. ఆయన తలూపి రబ్బరు ముక్క అందుకున్నాడు. వేరేవాళ్ళకు వద్దు, మీరే చెయ్యండని బతిమాలాను. ఇంకో నాలుగు రోజులు పట్టింది. బూరుగుదూది పుల్లకు చుట్టి రేకు రేకునా పొడి తీశాడు. ఆఖరికి నా ముందే నొక్కి చూపించాడు. చక్కగా పలికింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"చుక్కలు చూసుకోండి మాస్టారూ. ఎర్రవి ఏడు. లెన్సు బిగించే కంతలో లోపల్లోపల నీలంవి రెండున్నాయండి. అవీ మీవేనా?"

కావన్నాను. కంపెనీవాళ్ళవేమో అన్నాను. ఆయన మళ్ళీ ఆ నవ్వే నవ్వాడు.

తిన్నగా అక్క ఇంటికి నడిచాను. ఇంక దాచకూడదని దారిలోనే గట్టిగా అనుకున్నాను. అత్తగారు ఊళ్ళో లేరు, అదొక అదృష్టం. బావగారి చేతిలో కెమెరా పెట్టి, దోనె దగ్గర నుంచి బియ్యం డబ్బాదాకా అంతా చెప్పేశాను. తప్పంతా నాదేనన్నాను. అక్క కాఫీ గ్లాసులతో గుమ్మంలో ఆగిపోయింది.

బావగారు నొక్కి కూడా చూడలేదు. లెన్సు విప్పి, కెమెరాను కిటికీ వెలుగుకు ఎత్తి, లోపలికి చాలాసేపు చూశారు. ఆయన భుజాలు దిగాయి.

"నా చుక్కలు ఉన్నాయిలే. లోపలివేవీ మార్చలేదు" అన్నారు. అదేదో నాకు చెప్పిన శుభవార్తలాగా అన్నారు.

అక్క గ్లాసులు బల్లమీద పెట్టింది.

"మా తమ్ముడికి ఇచ్చేముందు పెట్టారా అండీ అవి?"

ఆయన లెన్సు బిగించుకుంటూ ఉండిపోయారు. నాకు బావగారి మీద పట్టరాని కోపం రావలసింది. రాలేదు. ఆ చుక్కలు పెట్టేటప్పుడు ఆయన ఏమనుకుని ఉంటారో, పుల్ల ఎలా పట్టుకుని ఉంటారో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

అక్క దగ్గరకొచ్చి కెమెరా అంచున వేలు పెట్టింది. ఎర్రచుక్కను గోటితో గీకి, ఆ రంగును కాసేపు చూసింది. అది తన సీసాలోని గోళ్ళరంగేనని గుర్తుపట్టింది.

"ఇవి నువ్వు పెట్టావా?" అని అడిగింది.

అవునన్నాను. అక్క మా ఇద్దరివంకా ఒకేలా చూసి, నిండుగా ఉన్న కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.