మేకలకు గేట్ పాస్

అది 2022 చలికాలం. కాజీపల్లిలోని ఒక మందుల కంపెనీలో నేను హార్టికల్చర్ సూపర్‌వైజర్‌ని. అంటే ఆవరణలోని చెట్లు, పచ్చిక, పూలకుండీలన్నింటికీ జవాబుదారీ నేనే. మాత్రలు చేసేచోట మొక్కలవాడికి పనేమిటని చుట్టాలు అడుగుతుంటారు. ఫ్యాక్టరీ చుట్టూ గ్రీన్ బెల్ట్, అంటే దట్టమైన చెట్ల వరుస, ఉండి తీరాలి. తనిఖీకి వచ్చేవాళ్ల కళ్లు మొదట పడేది కూడా దానిమీదే.

నా కింద ఆరుగురు పనిచేసేవారు. యాభై ఐదేళ్ల మానెమ్మ తప్ప మిగతా అందరూ పాతికలోపు వాళ్లే. గడ్డి కోసే మిషను చప్పుడు విని దానికేం రోగమో చెప్పేస్తారు. మొక్కకేం రోగమో చెప్పాలంటే మాత్రం ఆకును ఫోటో తీసి ఫోన్ని అడగాలి. వాళ్లను వెక్కిరించే హక్కు నాకూ లేదు. మా నాన్న జోగిపేట దగ్గర కూరగాయల మళ్లు వేసి నన్ను చదివించాడు. నేను డిప్లొమా తెచ్చుకున్నాను గానీ, ఆయన మడికి నీళ్లు ఎప్పుడు కట్టేవాడో, ఎందుకు ఆపేవాడో ఒక్కనాడూ అడగలేదు.

క్యాంటీన్ వెనక నలభై మల్లెపొదలు ఉండేవి. మానెమ్మ వానకు పండే తన చెలక అమ్ముకున్న ఏడాది, గట్టుమీది మల్లె అంట్లు తెచ్చి నాటినవి. చెలక పోయాక ఆమెకు మిగిలింది ఆ పొదలే. మూడేళ్లుగా వాటికి ఒక్క మొగ్గ లేదు. నడుమెత్తు పెరిగి, నూనె రాసినట్టు నిగనిగలాడే ఆకులు మాత్రం ఉన్నాయి. నేను ఎరువు పెంచాను, మందు మార్చాను. ఎంత పెడితే అన్ని ఆకులు. చివరికి అడ్మిన్ మేనేజరు విసిగిపోయి, మార్చిలో పొదలు తీయించి అక్కడ బండ్లు నిలిపే షెడ్డు వేయిస్తానన్నాడు.

ఆ మాట మానెమ్మకు చెప్పడానికి నాకు రెండురోజులు పట్టింది. విని ఒక పొద మొదట్లో మట్టి పిడికిట పట్టి చూసింది.

"ఎండాకాలం దాకా ఆగుమనుండ్రి సారూ. అప్పటికీ పూయకుంటె నేనే గడ్డపార వట్టి పీకుత. గని ఇప్పటిసంది నేను చెప్పినట్టు ఇనాలె."

"ఏం చెయ్యాలక్కా?"

"ముందుగాల నీళ్లు బందువెట్టుండ్రి."

మూడేళ్ల కిందట డ్రిప్ పెట్టించింది నేనే. సన్నని పైపుల్లోంచి మొక్క మొదట్లో చుక్కచుక్కగా నీళ్లు పడే ఏర్పాటది. టైమరు పెడితే మనిషి అవసరం లేదు, ఒక్కరోజూ తప్పదు. ఆ తప్పకపోవడమే తప్పని మానెమ్మ అంది. చలికాలంలో మల్లెను ఎండబెట్టాలట. ఆకంతా దూసేయాలి, కొమ్మలు కత్తిరించాలి, మొదలు తవ్వి వేళ్లకు ఎండ తగలనివ్వాలి. అప్పుడు పెంట ఎరువు వేసి నీళ్లు పెడితే మొగ్గ తొడుగుతుంది. ఇవన్నీ ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదని అడిగాను. మీరు అడగలే, నేను చెప్పలే అంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు.

డ్రిప్ ఆపించాను. పన్నెండో రోజుకు ఆకులు వడలిపోయాయి. పదహారో రోజు పొద్దున చూస్తే పొదలన్నీ మళ్లీ నిగనిగలాడుతున్నాయి. మా జట్టులో అందరికన్నా చిన్నదైన సంధ్య మనసాగక, క్యాంటీన్ బకెట్టుతో నలభై పొదలకూ నీళ్లు మోసిపోసింది. ఆ పిల్లకు మొక్కలంటే అంత ప్రేమ. నాకు ఒళ్లు మండి తిట్టబోతుంటే మానెమ్మ అడ్డుపడి, సంధ్య చేతిని తీసి మట్టిలో పెట్టించింది.

"చూడు బిడ్డా, తడి ఉన్నన్నాళ్లు ఇది ఆకే వెడతది. కడుపు నిండినోనికి పని యాదికొస్తదా? జెర కష్టం తెలువనియ్యి."

మళ్లీ మొదటినుంచి ఎండబెట్టాం. ఈసారి బకెట్టుకు కాపలా సంధ్యే.

ఆకు దూసే పని దగ్గర అసలు పంచాయితీ వచ్చింది. నలభై పొదలు చేత్తో దూయడం వారం పని. మానెమ్మ వాళ్ల చెలకలో అయితే మేకలను తోలేవారట, అవి ఆకు తిని పుల్ల వదిలేస్తాయి. తన నాలుగు మేకలను తోలుకొస్తానంది. పురుగుమందు కొట్టి ఎన్నిరోజులైందని మాత్రం నన్ను రెండుసార్లు అడిగింది. రిజిస్టరు తీసి చూశాను, రెండు నెలలు దాటింది.

సెలవు దినాన, ప్లాంటు ఆగివున్నప్పుడు తోలుకొచ్చేలా మేనేజరును బతిమాలి ఒప్పించాను. గేటు దగ్గర గార్డు యాదవ్ ఆపాడు. బిహార్ నుంచి వచ్చిన మనిషి, రూలంటే రూలే. "బక్రీ అయినా, బాయిలర్ అయినా గేట్ పాస్ కావాలె సాబ్" అన్నాడు. మా దగ్గర గేట్ పాస్ రెండు రకాలు. లోపలే ఉండిపోయే సరుకుకు ఒకటి, మళ్లీ బయటికి పోవలసినదానికి రిటర్నబుల్ అని ఇంకొకటి. నేను రెండోది తీసుకుని, వస్తువు: మేకలు, సంఖ్య: నాలుగు, పని: మల్లె ఆకు తినుట అని రాసి సంతకం పెట్టాను. యాదవ్ వాటిని రెండుసార్లు లెక్కపెట్టి సెల్యూట్ కొట్టాడు. అది మేకలకో నాకో ఇప్పటికీ తెలియదు.

మధ్యాహ్నానికి పొదలు పుల్లలయ్యాయి. నల్ల మేక ఒకటి తప్పించుకుపోయి మేనేజరు గది ముందున్న బంతికుండీలు కూడా శుభ్రం చేసింది. ఆ సంగతి పాసులో లేదు.

జనవరిలో మానెమ్మ కత్తెరను సంధ్య చేతికిచ్చి, తాను వెనక నిలబడింది. సంధ్య మొదట గోరంత గోరంత కత్తిరించేది. చివరి వరుసకు వచ్చేసరికి చిగురు పుట్టే ఏ కన్ను దగ్గర కోయాలో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. తర్వాత పెంట వేసి నీళ్లు వదిలాం. ఆ నెలంతా నాకు సరిగ్గా అన్నం సహించలేదు. బతికున్న పొదలను మోళ్లు చేసి కూర్చున్నాను, చస్తే మానెమ్మ మొహం ఎలా చూడాలి?

మార్చి మొదట్లో మేనేజరు షెడ్డు కొలతలకు మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చాడు. టేపు ఒక కొస పట్టుకోమని సంధ్యను పిలిచాడు. ఆమె వంగింది, వంగినది లేవలేదు. "సార్, మొగ్గలు" అంది. బియ్యపుగింజలంత మొగ్గలు, కొమ్మకొమ్మకూ. నేను సిగ్గు విడిచి ఏడ్చాను. మానెమ్మ మాత్రం ఆ మేస్త్రీని, ఇగ నువ్వు పో నాయనా అని మర్యాదగా సాగనంపింది.

ఆ ఎండాకాలం సంగతి చెప్పాలంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. మందులు తయారయ్యేచోట తలలో పువ్వు పెట్టుకోకూడదు. అందుకని మానెమ్మ క్యాంటీన్ మెట్లమీద మూరలు కట్టి తడిగుడ్డలో ఉంచేది. షిఫ్టు దిగిన ఆడవాళ్లు అక్కడ ఆగి, జడలో తురుముకుని బస్సెక్కేవారు. పొద్దంతా రసాయనాల వాసనలో ఉన్నవాళ్లు పటాన్‌చెరు దాకా మల్లెల వాసనతో పోయేవారు. మేనేజరు ఒకనాడు రెండు మూరలు ఇంటికి పట్టుకెళ్లాడు. మర్నాడు షెడ్డు స్థలం పాత ఇనుము పోసే చోటికి మారింది.

మా కంపెనీలో ఎవరు ఏ కొత్త పని నేర్చుకున్నా ట్రైనింగ్ రిజిస్టరులో ఎక్కించాలి. నేర్పినవారు ఒక గడిలో, నేర్చుకున్నవారు ఇంకో గడిలో. అన్నేళ్లూ మొదటి గడిలో నా పేరే ఉండేది. ఈసారి అక్కడ మానెమ్మ పేరు రాశాను. రెండో గడిలో సంధ్య పేరు, మిగతా నలుగురి పేర్లు, వాళ్లందరికన్నా పైన నాది. మానెమ్మను సంతకం చేయమంటే, ఏం రాసిండ్రు సారూ అని అడిగింది. చదివి వినిపించాను.

నా పేరు దగ్గర వేలుపెట్టి కాసేపు చూసింది. అక్షరాలు కూడబలుక్కుంటూ సంతకం చేసి, పెన్ను నా చేతిలో పెట్టింది.

"అయితె రేపు జల్దీ రా. నిమ్మకు అంటు కట్టుడు నీకింకా రాదు."

ఇరవై ఏళ్ల ఉద్యోగంలో నన్ను ఆమె మీరు అనకుండా పిలిచింది అదే మొదటిసారి. మర్నాడు ఆరింటికల్లా వెళ్లాను.