మా బ్రాంచి బస్సు దిగింది

పొద్దున తొమ్మిది కాగానే మా కాలేజీ వాచ్‌మన్ గేటు దగ్గరి నుంచే కేకేసేవాడు. "సార్, బ్రాంచి బస్సు దిగింది!"

దిగినది ఒక అమ్మాయి. భుజాన సంచి, చేతిలో టిఫిన్ డబ్బా. మా మెకానికల్ ఇంజనీరింగ్ బ్రాంచి అంటే ఆ అమ్మాయే. ఎన్నో ఏళ్ల ముందు చేరినవాళ్లు చదువు ముగించి వెళ్లిపోయారు, ఆమె తర్వాత ఎవరూ చేరలేదు. ఆమెతోపాటు చేరిన నలుగురూ మొదటి నెలలోనే కంప్యూటర్ బ్రాంచిలోకి జారుకున్నారు. ఆమె ఒక్కదానికి పాఠాలు చెప్పడానికి మేం ముగ్గురం మాస్టర్లం. అందులో బ్రాంచికి పెద్దను నేను.

నేను హాజరుపట్టీ తెరిచి "అందరొచ్చిన్రా?" అంటే, ఆమె వెనక్కి తిరిగి ఖాళీ బెంచీలన్నీ చూసి "అందరొచ్చిన్రు సార్" అనేది. క్లాసులో ఫస్టు ఆమే, లాస్టూ ఆమే. వాళ్ల చుట్టాల్లో పెళ్లయితే మా ముగ్గురికీ సెలవు. అందుకని కరెంటు ఆఫీసు, పంటి డాక్టరు వంటి పనులన్నీ వాళ్ల చుట్టాల ముహూర్తాల కోసం దాచి ఉంచుకునేవాళ్లం. మా ముగ్గురిలో గుంటూరు వైపు నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డ మాస్టారు ఒకాయన ఉండేవారు. ఒకరోజు ఆమె రెండుసార్లు తుమ్మగానే ఆయన నా దగ్గరికి వచ్చి, "ఏవండీ, క్లాసుకి జలుబు చేసిందండీ. ఇవాళ్టికి వదిలేద్దామా?" అన్నారు. గ్రూప్ డిస్కషన్ జరిపి తీరాలని పైనుంచి రాసి పంపితే, ఒకవైపు ఆమెను, ఇంకోవైపు ల్యాబ్ అటెండర్‌ను కూర్చోబెట్టాం. అంశం దేశాభివృద్ధిలో యువత పాత్ర. "నువ్వు ఏదంటే అదే బిడ్డా" అని అటెండర్ ముందే ఒప్పేసుకోవడంతో చర్చ ముగిసింది.

ఇంత గొప్ప బ్రాంచి ఒక్కరోజులో తయారు కాలేదు. పిల్లల ఫీజు తానే కడతానని సర్కారు అన్నాక ఇబ్రహీంపట్నం చుట్టూ, సాగర్ రోడ్డుకు రెండు పక్కలా కాలేజీలు లేచాయి. ప్రతి పిల్లవాడూ ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను నెత్తిన పెట్టుకుని వచ్చేవాడు. మాకు నెత్తి మీదిది కనబడేది, నెత్తి కనబడేది కాదు. తర్వాత ఆదిభట్లలో కంప్యూటర్ ఉద్యోగాలు వచ్చాయి. పొద్దున్నే కంపెనీ ఏసీ బస్సులు అద్దాలు మూసుకుని పోవడం తల్లిదండ్రులు చూశారు. అంతే, పిల్లలకు బ్రాంచి ఎంచడం ఆ బస్సులు మొదలుపెట్టాయి. కంప్యూటర్ క్లాసుల్లో బెంచీలు చాలక కారిడార్లో కుర్చీలేశారు. మా క్లాసులో పావురాలు గుడ్లు పెట్టాయి.

మూసేస్తే పోయేది కదా అని మా ఛైర్మన్ కూడా అనుకున్నాడు. కానీ కంప్యూటర్ సీట్లు పెంచుకోవాలంటే మెకానికల్ లాంటి పాత బ్రాంచీలు కూడా నడుస్తూ ఉండాలని షరతు ఉన్నట్టు ఆయనకు ఎవరో చెప్పారు. నన్ను పిలిపించాడు.

"బ్రాంచి ఉండాలె. ఖర్చు ఉండొద్దు. సమజైందా?"

సమజైంది. కంప్యూటర్ సెక్షన్లు, వాటి మాస్టర్లు, క్యాంటీన్ సమోసాలు, అన్నీ ఆ ఒక్క అమ్మాయి మీద నిలబడి ఉన్నాయి. ఆమెకు మాత్రం ఆ సంగతి తెలియదు. మధ్యాహ్నం పెరుగన్నం తిని, డబ్బా కడుక్కుని, మళ్లీ వచ్చి క్లాసంతటినీ నింపి కూర్చునేది.

ఆమెను తెచ్చింది నేనే. ఎండాకాలం రాగానే ప్రైవేటు కాలేజీ మాస్టర్లు సుద్దముక్క కింద పెట్టి కరపత్రాలు పట్టుకుంటారు. ఊళ్లు తిరిగి పిల్లల్ని చేర్పిస్తేనే జీతం కదులుతుంది. నా వంతుకు యాచారం వైపు ఊళ్లు వచ్చాయి. ఒక ఇంటి ముందు ఆమె తల్లి కందులు చెరుగుతోంది. నేను మెకానికల్ గొప్పతనం చెప్పినంతసేపూ చెరుగుతూనే ఉండి, చివరికి చేట ఆపింది.

"కంప్యూటరోళ్లకు ఏసీ బస్సొస్తది గద సారూ. మీ మెకానికలోళ్లకు ఏమొస్తది?"

"విమానాలొస్తయమ్మా."

ఆదిభట్లలో విమానాల భాగాలు తయారవుతాయన్నది నిజమే. మిగతాది నేను కలిపాను. మా ల్యాబులో సీఎన్‌సీ మెషీన్ ఉందన్నాను. మనం రాసిచ్చిన ప్రోగ్రాం ప్రకారం లోహాన్ని తనంతట తానే చెక్కే యంత్రం అది. ఆ ఫ్యాక్టరీల్లో పనికి పోతే మొదట అడిగేది అది వచ్చా అనే. తల్లి నవ్వి మళ్లీ చేట అందుకుంది. కూతురు నవ్వలేదు.

"నన్ను దాని మీద చెయ్యనిస్తరా సార్?"

"దినాం" అన్నాను.

మా ల్యాబులో సీఎన్‌సీ మెషీన్ లేదు. ఎన్నడూ లేదు. రెండేళ్లలో ఆ పిల్ల నన్ను అడిగింది అదొక్కటే.

"మెషీన్ ఎప్పుడొస్తది సార్?"

"సర్వీసింగ్‌కు పోయింది."

"ఏడికి?"

"పూణె."

ఇంకో నెలకు మళ్లీ అడిగేది. సర్కారు నుంచి ఫీజుల డబ్బు రానీ, మెషీన్ కూడా వస్తుంది అనేవాణ్ణి. ఆ డబ్బు ఆలస్యమైతే మా జీతాలకే దిక్కుండేది కాదు. గుంటూరు మాస్టారు ఒకసారి చెవిలో అన్నారు. "ఏవండీ, అది పూణె నించి నడిచొస్తున్నా ఈపాటికి జహీరాబాదు దాటుండాలండీ. ఇంకో ఊరు చెప్పండి."

ఇక్కడి దాకా నవ్వుతాలే. కానీ నాకు తెలిసిన సంగతి ఇంకొకటి ఉంది. సరిగ్గా అలాంటి మెషీన్ మాకు రెండు కిలోమీటర్ల దూరంలో, పక్క కాలేజీలో ఉంది. అక్కడ మెకానికల్‌లో ఒక క్లాసుకు సరిపోయేంత పిల్లలూ ఉన్నారు. మా బ్రాంచి మూసేస్తున్నామని మేం రాసిస్తే యూనివర్సిటీ ఆమెను అక్కడ సర్దేది, ఫీజు కూడా ఆమె వెంటే పోయేది. ఆ మాట ఆమెకు చెప్పలేదు. చెబితే ఆమె పోతుంది. ఆమె పోతే మేం ముగ్గురం రోడ్డున పడతాం. ఇంటి మీద తెచ్చుకున్న లోను నాకు రోజూ గుర్తుండేది. ఆ పిల్ల ఏం నేర్చుకోకుండానే ఇంజనీరు కాబోతోందన్నది నెలకొకసారి గుర్తుకొచ్చేది, అదీ ఆమె అడిగినప్పుడే.

రెండో ఏడు చివర తనిఖీ కమిటీ వస్తుందని కబురొచ్చింది. పెళ్లికి పోతూ పక్కింటి నగ అడిగి పెట్టుకున్నట్టు, తనిఖీకి పక్క కాలేజీ మెషీన్ తెచ్చుకోవడం మా వైపు ఉన్నదే. ఈసారి చిక్కేమిటంటే మాకు పొద్దున, వాళ్లకు అదే రోజు మధ్యాహ్నం. కమిటీ మా దగ్గర భోజనం చేసి లేచేలోపు మెషీన్ పోయి వాళ్ల ల్యాబులో దిగాలి. అందుకని బిర్యానీ మెల్లగా వడ్డించమనీ, డబుల్ కా మీఠా బలవంతంగా రెండోసారి పెట్టమనీ ఛైర్మన్ హుకుం.

ముందురోజు రాత్రే డీసీఎం బండిలో బీరువా అంత మెషీన్ వచ్చింది. పొద్దున బ్రాంచి బస్సు దిగిన కాసేపటికి ల్యాబులోంచి కేక వినబడింది.

"సార్! పూణెకెళ్లి వచ్చింది!"

దాన్ని నడపడం నాకు రాదు. నేను పుస్తకంలో చదివి చెప్పినవాణ్ణి. ఆమె ఫోన్‌లో వీడియోలు చూసి చూసి అన్నీ కంఠతా పట్టింది. కమిటీ పెద్దాయన, రిటైరైన ప్రొఫెసర్, లోపలికి వచ్చేసరికి అల్యూమినియం కడ్డీ మీద బొంగరం ఒకటి సగం చెక్కేసింది. ఆయన ముచ్చటపడి చూసి, చుట్టూ చూశారు.

"మిగతా విద్యార్థులేరీ?"

"ఫ్యాక్టరీ చూడడానికి బస్సులో పోయారు సార్."

"ఈ అమ్మాయి పోలేదేం?"

"బస్సు పడదు సార్. వాంతులు."

"నాకా?" అంది ఆమె, మెషీన్ మీది నుంచి కళ్లు తీయకుండానే. ఆయన దగ్గి భోజనానికి వెళ్లిపోయారు.

వెంటనే డీసీఎం వెనుక గేటు దగ్గర ఆగింది. నలుగురు మెషీన్‌కు తాళ్లు కట్టి ఎక్కిస్తుంటే ఆమె అడ్డం నిలబడింది.

"సగం పనైంది సార్. నా బొంగరం దాంట్లనే ఉన్నది."

"మళ్ల సర్వీసింగ్‌కు పోతున్నదమ్మా."

"పొద్దుగాలనే గద వచ్చింది?"

నా దగ్గర అబద్ధాలు అయిపోయాయి. నేను కొత్తది వెతుక్కుంటుండగానే ఆమె బండెక్కి మెషీన్ పక్కన కూర్చుంది. "పూణె దాకనైనా వస్త. మా అమ్మకు ఫోన్ చేసి చెప్పుండ్రి."

నేను బైకు తీసి వెంటపడ్డాను. భోజనాల గదిలోంచి గుంటూరు మాస్టారి గొంతు వినబడుతూనే ఉంది. "ఇంకొక్క ముక్క సార్, మా మీద ఒట్టు!"

బండి పూణె వైపు పోలేదు. సాగర్ రోడ్డు మీద రెండు కిలోమీటర్లు పోయి పక్క కాలేజీ గేట్లోకి తిరిగింది. అక్కడి పిల్లలు ఉరికివచ్చి మెషీన్‌ను దించి, నేలలో పాతిన బోల్టుల మీద సరిగ్గా కూర్చోబెట్టారు. చుట్టూ నేల మీద ఎండిపోయిన నూనె మరకలు. ఎవరో ఒక ఆప్రాన్ ఇస్తే ఆమె తొడుక్కుని బొంగరం మిగతా సగం మొదలుపెట్టింది. ఆమెను బయటికి రమ్మని నేను గుమ్మంలోంచి సైగలు చేస్తుంటే, వెనక నుంచి కమిటీ పెద్దాయన వచ్చేశారు. డబుల్ కా మీఠా ఆయనను ఎక్కువసేపు ఆపలేదు.

"అమ్మా, నిన్ను పొద్దున అక్కడ చూసినట్టుందే?"

"కవలలు సార్" అన్నాను నేను.

ఆయన నన్ను చూశారు, ఆమెను చూశారు, లోపల తిరుగుతున్న సగం బొంగరాన్ని చూశారు.

"మెషీన్ కూడా కవలేనా?"

ల్యాబంతా గొల్లున నవ్వింది. ఆమె ఒక్కతే నవ్వలేదు. కిందికి చూస్తోంది, ఆ బోల్టులను, ఆ మరకలను.

"సార్, ఇది గీడిదేనా?"

"అవ్."

"రెండేండ్ల సంది గీడనే ఉన్నదా?"

"అవ్."

"మీకు ఎరుకేనా?"

"ఎరుకే."

ఆమె తలెత్తి గేటు వైపు చూసింది. తర్వాత కోపం లేకుండా, లెక్క సరిచూసుకుంటున్నట్టు అంది. "మా బస్సు దినాం గీ గేటు ముంగట్నుంచే పోతది సార్."

జీవితంలో నేను తిన్న తిట్లన్నీ కలిపినా ఆ మాటకు సరిపోవు. ప్రొఫెసర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అడిగారు. "మీరు చెప్పండి మాస్టారూ, మీ బ్రాంచి నడుస్తోందా?"

"లేదు సార్" అన్నాను. "మూసేస్తున్నామని రాసిస్తాను. ఈ అమ్మాయిని ఇక్కడ చేర్చండి."

ధైర్యం అని ఎవరైనా అంటే నాకు సిగ్గేస్తుంది. రెండేళ్లు ఆలస్యంగా వచ్చిన మాట అది, అదీ కవలల అబద్ధం బెడిసికొట్టాక వచ్చింది. ఛైర్మన్ నాలుగు రోజులు అరిచాడు. "నా బిర్యానీ తిని నా బ్రాంచినే ముంచిన్రు!" తర్వాత తెలిసిందేమిటంటే, ఆయన భయపడ్డ షరతు మాకు వర్తించేదే కాదట. కంప్యూటర్ సీట్లు మామూలుగానే పెరిగాయి. మమ్మల్ని ముగ్గురినీ కంప్యూటర్ బ్రాంచిలోకే మార్చారు. నేను దాచిపెట్టడం వల్ల ఎవరికీ ఏమీ మిగల్లేదు, ఆమెకు రెండేళ్లు పోయాయి.

తన సామాను తీసుకుపోవడానికి వచ్చినరోజు నా బల్ల ముందు నిలబడి, "సార్, మీరు గూడ ఆడికి రాండ్రి. మీకు గూడ అది రాదు గద" అంది. వెక్కిరించిందో పిలిచిందో అర్థం కాక, ఇంటికి పోయి ఆలోచించి, పిలిచిందనే అనుకున్నాను. వాళ్ల మాస్టర్లను అడిగి శనివారాలు పోతున్నాను.

మొదటి శనివారం నేను ఎర్ర బటన్ నొక్కి మెషీన్ మొత్తం ఆపేశాను. పిల్లలందరి పనీ సగంలో ఆగిపోయింది. "ఎవడ్రా ఆపింది?" అని వెనక నుంచి ఒకడు అరిచాడు. నేను చెయ్యెత్తాను. ఆమె వచ్చి బటన్ తిప్పి, మళ్లీ మొదలుపెట్టి నాకు ఒక స్టూలు చూపించింది.

"జర అటు జరిగి కూసోండ్రి సార్. కొత్తల అందరు గట్లనే చేస్తరు."