ఇంజను సైకిల్లో బెల్లం

మా నాన్న ఇంజను సైకిలు నాలుగేళ్లుగా కదలడం లేదు. సంతోషిస్తాడని ఈ రోజు నిమ్మనపల్లె నుంచి మదనపల్లెకు తీసుకెళ్లి విప్పించాను. పెట్రోలు ట్యాంకు అడుగున నల్లటి ముద్ద. మెకానిక్ వాసన చూసి, "ఎవురో బెల్లం ఏసినారప్పా!" అన్నాడు. అంతా కడిగి బిగిస్తే ఇంజను పలికింది.

ఇంటికొచ్చి నవ్వుతూ చెబితే అమ్మ నవ్వలేదు.

"నేనే ఏసినా. సూపు ఆనకపోయినా మీ నాయన బండి ఇడిసిపెట్టలేదు. ఇంజను బాగు చేయించినావు సరే, ఆయనకు కండ్లు యాడ తెచ్చిస్తావు?"

చప్పుడు విన్న నాన్న, రేపు పుంగనూరు సంతకు తానే నడుపుకుని పోతానని ఇప్పుడే చొక్కా ఉతికి ఆరేశాడు. ఆ ముఖం చూసి వద్దనలేకపోయాను.

వంటింట్లో బెల్లం దండిగా ఉంది. మీరైతే ఏం చేస్తారు?