సరోజప్ప ఖాళీ చేసిన కంప్యూటర్లు

సరోజప్ప మీద నేను గట్టిగా అరిచింది జన్మలో ఒక్కసారే. తొంభై ఏడు నవంబరులో, ఢిల్లీ కంటోన్మెంటులో, ఓ శనివారం మధ్యాహ్నం. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరికీ తెలుసు గానీ, అప్ప మీద అరుస్తానని మాత్రం నేనెప్పుడూ అనుకోలేదు.

మా వైపు అక్కని అప్ప అంటాం. సరోజప్ప మా పెదనాన్న కూతురు, నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్ద. పార్వతీపురంలో పదో తరగతి పాసయ్యిందో లేదో, ఆర్మీ సిగ్నల్స్‌లో పనిచేసే శ్రీరాములు బావకిచ్చి చేసేశారు. అప్పట్నుంచి బావకి ఎక్కడ పోస్టింగైతే అక్కడికి నల్ల ట్రంకు పెట్టెలు వేసుకుని తిరగడమే. ఊరికే కూర్చునే మనిషి కాదు. జబల్పూర్లో ఆడవాళ్ళకి కుట్టు క్లాసు పెట్టింది. బబీనాలో పిల్లల బడి పెట్టింది. "నేను పెట్టికి తాళం వేసిన రోజే అదీ మూతపడిపోతాదే ఇంద్రాణీ," అనేది. నవ్వుతూనే అనేది, కానీ ఆ మాట అన్నాక లేచి వెళ్ళి ఆ ట్రంకు పెట్టెల మీద దుమ్ము దులిపేది.

నాకప్పుడు నెహ్రూ ప్లేస్‌లో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం, బేర్ సరాయ్‌లో ఇంకో అమ్మాయితో కలిసి గది. మెస్సు రాజ్మా తినలేక ఆదివారం వస్తే చాలు, అప్ప క్వార్టర్‌కి పరిగెత్తేదాన్ని. ఓ ఆదివారం వెళ్ళేసరికి అప్ప మొహం మాడ్చుకుని కూర్చుంది. కంటోన్మెంటులో జవాన్ల భార్యల కోసం ఒక సెంటర్ ఉండేది. ఏదో ఆఫీసువాళ్ళు పాతబడ్డాయని వదిలించుకున్న మూడు కంప్యూటర్లు అక్కడికొస్తే, అప్ప పదకొండు మందిని పోగేసి క్లాసు మొదలుపెట్టింది. ఆ మెషీన్లలో ఉన్న ప్రోగ్రాములన్నీ కొనకుండా కాపీ కొట్టినవని తేలింది. సెంటర్ చూసుకునే ఆఫీసర్ గారి భార్య, అందరూ మేడమ్ అంటారు, ఆ గదికి తాళం వేయించేసింది.

"దొంగసరుకు కానిది, డబ్బులడగనిది ఏదైనా ఉందేటే?" అని అడిగింది అప్ప.

ఉంది. ఓ కంప్యూటర్ పత్రికతో పాటు వచ్చిన లినక్స్ సీడీ నా బ్యాగులోనే ఉంది. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాశారనీ, విప్పి చూడొచ్చనీ, మార్చుకోవచ్చనీ, కాపీ చేసి పక్కవాళ్ళకిస్తే తప్పు కాదు సరికదా, ఇవ్వమనే రాసిపెట్టారనీ చెప్పాను. "అయితే మా క్వార్టర్ల పద్ధతే కదే," అంది అప్ప. పోస్టింగ్ వస్తే కర్టెన్లూ, తులసి కుండీ, పాలవాడి వివరం తర్వాత వచ్చేవాళ్ళకి ఇవ్వమని పక్కింట్లో వదిలేసి వెళ్తారు వాళ్ళు. నాకు ఈ సంగతి బుర్రకెక్కడానికి రెండేళ్ళు పట్టింది, ఇంజనీరింగ్ చదివి కూడా!

ఆ పాత మెషీన్లకి సీడీ పెట్టే చోటే లేదు. ఇది దొంగసరుకు కాదని అప్ప మేడమ్‌కి చెప్పి గది తాళం తీయించింది, నేను ఆఫీసులో నలభై ఫ్లాపీల్లోకి ఎక్కించి సంచిలో వేసుకెళ్ళాను. ముప్పై ఒకటో ఫ్లాపీ దగ్గర ఆగిపోయింది, నా ప్రాణం విసిగిపోయింది. మొత్తానికి రెండు ఆదివారాలు తిన్నాక తెర మీద నల్లగా, అక్షరాలతో నిలబడింది. బొమ్మల్లేవు, మౌస్ లేదు. ఏం కావాలో మాటల్లో రాసి ఎంటర్ కొట్టాలి. ఈ ఆడవాళ్ళు దీన్ని చూసి పారిపోతారనే అనుకున్నాను.

నేననుకున్నది తప్పు. మౌస్‌తో చేసే పని పక్కన కూర్చుని చూపించాలి. ఇది నోటితో చెబితే చాలు. కుళాయి దగ్గర బిందె నిండేలోపు ఒకావిడ ఇంకొకావిడకి చెప్పేసేది. బాపట్ల నుంచి వచ్చిన కమలాకుమారి అని నాయక్ ర్యాంకులో ఉన్న ఓ జవాను భార్య ఉండేది, నోట్లో మాట బయటికి రాదు. ఆవిడ చపాతీలు ఒత్తుతూ కమాండ్లు గొణుక్కునేదట. వాటిలో చాలామటుకు లినక్స్ పుట్టకముందే, డెబ్భైల మొదట్లో ఎవరో ఇంజనీర్లు పెట్టినవి, కమల ఉయ్యాల్లో ఉన్ననాటివి. పాతికేళ్ళుగా మారకుండా పనిచేస్తున్నాయంటే నాకే ముచ్చటేసింది.

ఆ పదకొండు మందీ కలిసి ఏ కుటుంబం ఎక్కడికి బదిలీ అయ్యిందో ఒక జాబితా రాశారు. పేరు ఇచ్చి వెతకమంటే అడ్రసు వచ్చేసేది. పాత స్నేహితురాళ్ళ కోసం పక్క బ్లాకుల నుంచి కూడా వచ్చి అడిగేవాళ్ళు.

ఏడు నెలలకి బావకి జోధ్‌పూర్ పోస్టింగ్ వచ్చింది. సోమవారం సాయంత్రం రైలు. మేడమ్ అప్పని పిలిచి మొహమాటం లేకుండా చెప్పింది. సోమవారం పొద్దున వస్తాను, సరోజ్ లేకుండా క్లాసు నడుస్తుందనిపిస్తే ఉంచుతాను, లేదంటే గది అచార్, అదే ఊరగాయలు, పెట్టేవాళ్ళకి ఇచ్చేస్తాను అంది. అప్ప ఆ వారమంతా సరిగ్గా తిండి తినలేదు. "ఇదొక్కటైనా నిలబడితే బాగుణ్ణే," అని ఎన్నిసార్లందో.

క్వార్టర్ ఖాళీ చెయ్యడాన్ని వాళ్ళు మార్చింగ్ అవుట్ అంటారు. బల్బులు, కుళాయిలు, కిటికీ అద్దాలు లెక్క చూసుకుని, గోడకి మేకు కూడా లేకుండా అప్పగించాలి. మన గుర్తు అక్కడ మిగలకూడదు. పదహారేళ్ళు ఆ పనిలో ఆరితేరిన మనిషి సరోజప్ప. శనివారం ఇల్లు కడిగేసి, ఆ ఊపులోనే సెంటర్‌కెళ్ళి, మూడు కంప్యూటర్లూ కడిగేసింది! పదకొండు మంది పేర్లూ, రాసుకున్నవన్నీ, అడ్రసుల జాబితా, అన్నీ తుడిచేసింది. కాపీలు పెట్టిన ఆరు ఫ్లాపీలు కూడా ఖాళీ చేసి, అప్పగింత కాగితం మీద 'కంప్యూటర్లు మూడు, ఖాళీ ఫ్లాపీలు ఆరు' అని రాసి సంతకం పెట్టింది.

మధ్యాహ్నం కమల వచ్చి తన పేరు కొడితే మెషీన్ లోపలికి రానివ్వలేదు. నేనప్పుడే వెళ్ళాను.

"నీకు మతి పోయిందా అప్పా! ఎవరు ఖాళీ చెయ్యమన్నారు నిన్ను? నీ చేత్తో నువ్వే మూసేశావు కదే!" అని అరిచేశాను.

"శుభ్రంగా అప్పగించాలి కదే... అలగే కదా ఇస్తాం," అంది అప్ప. అంతలోనే ఏం చేసిందో తనకే అర్థమై మొహం పాలిపోయింది. గోడకి ఆనుకుని కూలబడి, ఓలమ్మ, ఓలమ్మ అంటూ చిన్నపిల్లలా ఏడ్చింది. అరిచినందుకు నాకు సిగ్గేసింది. ఇప్పటికీ వేస్తుంది.

ఆదివారం పొద్దున్నే అందరూ వచ్చారు. అప్ప కళ్ళు తుడుచుకుని కుర్చీలో కూర్చుంది గానీ, కొట్టిందల్లా తప్పు. నేను ముందుకెళ్ళబోయాను. ఈలోగా కమల నోరు విప్పింది.

"అక్కా, మీరు లేవండి. ఎల్లుండి నుంచి మీరెలాగూ ఉండరుగా. మేమే చేసుకుంటాం."

అప్ప లేచింది. ఒకావిడకి కొత్త పేర్లు చేర్చడం వచ్చు, ఇంకొకావిడకి ఫ్లాపీల సంగతి వచ్చు, మిగతాది కమలకి వచ్చు. అడ్రసుల కోసం ఇళ్ళలో ఉన్న పాత ఉత్తరాలన్నీ మోసుకొచ్చారు. ఓ గఢ్వాల్ ఆవిడ చదువుతుంటే మిగిలినవాళ్ళు మూడు మెషీన్ల మీద టైపు చేశారు. ఏమైనా తోచకపోతే అప్ప వైపు తిరిగేవాళ్ళు, కమల ఊరుకునేది కాదు. "దీదీని అడగొద్దు, మెషీన్నే అడగండి," అనేది హిందీలో. ప్రతి కమాండుకీ వివరం ఆ కంప్యూటర్లోనే రాసి ఉంటుంది, పిలిస్తే తెర మీదకొస్తుంది. చీకటిపడేసరికి సగం జాబితా తిరిగి తయారైంది.

సోమవారం మేడమ్ వచ్చే వేళకి అప్ప లోపలికి వెళ్ళలేదు. నన్ను పట్టుకుని వరండాలో కిటికీ పక్కన నిలబడింది. లోపల కమల కూర్చుంది. మేడమ్ ఎవరో మిసెస్ రావత్ ఎక్కడుందో చెప్పమంది. కమల ఏదో కొట్టింది, తప్పని వచ్చింది. నా చేతిని అప్ప ఎంత గట్టిగా నొక్కిందంటే నొప్పెట్టింది. కమల తల తిప్పలేదు. వివరం తెరిచి, నిదానంగా చదువుకుని, మళ్ళీ కొట్టింది. అడ్రసు వచ్చింది. మేడమ్ చూసి, "ఠీక్ హై, ఇక్కడ అచార్ వద్దులే," అంది. లోపలంతా ఒకటే నవ్వులు. కమల వెంటనే ఆ రోజు పాఠం మొదలుపెట్టేసింది.

అప్ప కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. "నన్నెవరూ వెతకలేదు చూసినావా," అంది. సంతోషంతో అందో బాధతో అందో నాకు తెలీలేదు. రెండూ ఉండే ఉంటాయి.

"లోపలికెళ్ళి ఒక్క మాట చెప్పి రా అప్పా, మళ్ళీ ఎప్పుడు చూస్తావో," అన్నాను.

"వద్దే గుంటా," అంది కొంగుతో మొహం తుడుచుకుంటూ. "ఇప్పుడు నేనెళ్తే అందరూ లేచి నిలబడతారు. క్లాసు ఆగిపోతాది."