డబ్బాకు కట్టిన మగ్గం దారం

ఆదోని నుంచి కోసిగి వైపు పల్లె బడులకు వెళ్లి, పాఠాన్ని పాటతో, బొమ్మతో, ప్రయోగంతో ఎలా చెప్పొచ్చో టీచర్లకు చూపించడం నా పని. నన్ను చూడగానే వాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "మేడం, ఇది పరీక్షలో వస్తుందా?" రాదంటే పెన్నులు మూసేస్తారు. నాకు ఒళ్లు మండిపోతుంది. ఇంతోటి దానికి నన్నెందుకు పిలిచినట్టు?

అలా అడగనివాడు ఒక్కడే దొరికాడు. కోసిగి దగ్గరి ఒక ఊళ్లో కుర్ర సైన్సు టీచరు, ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఇంటివాడు. ధ్వని పాఠం గురించి మాట్లాడుకుంటుంటే, "చిన్నప్పుడు మగ్గం పోగులు మీటి మా నాయనతో తిట్లు తింటాంటి మేడం" అన్నాడు. "మరింకేం, ఆ పనే పిల్లలతో చేయించప్పా" అన్నాను. నేను మళ్లీ వెళ్లేసరికి ఇంటి నుంచి గట్టి దారం తెచ్చి, పిల్లలందరి చేతా ఖాళీ డబ్బాలకు బిగించి కట్టించాడు.

ఏడో తరగతి పిల్ల ఒకతి దారం కింద గులకరాయి పెట్టి జరిపి చూసింది. రాయి జరిగినకొద్దీ స్వరం మారింది. ఎవరూ చెప్పలేదు దానికి. అలా జరుపుతూ జరుపుతూ, పత్తి చేలో వాళ్లమ్మ పాడే పాట పల్లవి వాయించేసింది. "సార్, దారం పొట్టిదైతే సన్నగా పలుకుతాండాది!" అని ఎగిరి గంతేసింది. టీచరు ముఖం వెలిగిపోయింది. ఆదోనిలో జరిగే సైన్సు ప్రదర్శనకు ఆ పిల్లను తీసుకుపోవాలని ఇద్దరం అనుకున్నాం. బస్సులో నాలో నేనే నవ్వుకుంటూ ఇంటికొచ్చాను.

ఇంతలో సుగ్గి వచ్చిపడింది. సుగ్గంటే గుంటూరు వైపు పత్తి, మిరప కోతలకు ఊరు ఊరంతా వలస పోవడం. మేమిద్దరం ఆ పిల్ల ఇంటికి పరుగెత్తేసరికి వీధిలో లారీ ఆగి ఉంది.

"అమ్మా, ప్రదర్శన అయ్యేదాకన్నా పాపను ఇడిసిపోమ్మా. మా ఇంట్లో పెట్టుకుంటాం, మా అమ్మ ఉండాది" అని బతిమాలాడు టీచరు.

తల్లి మూట కట్టడం ఆపలేదు. "నేను సేన్లోకి దిగితే సంటోన్ని ఎవురు ఎత్తుకోవల్ల సార్? మీరొచ్చి ఎత్తుకుంటారా?"

ఆమె మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

"కారప్పొడికి డబ్బా సాల్లేదే, ఇంగోటేమన్నా ఉందా సూడు పాపా" అంది తల్లి. ఆ పిల్ల లోపలికి వెళ్లి తను వాయించిన డబ్బానే తెచ్చింది. దారం విప్పి, ఉండ చుట్టి, సార్ చేతిలో పెట్టింది. డబ్బా తల్లికిచ్చి తమ్ముణ్ణి చంకకెత్తుకుంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

లారీ వెళ్లిపోయాక టీచరు ఆ దారం ఉండ జేబులో వేసుకున్నాడు. "మేడం, ఏమనుకోవద్దండి. ఇంక మా బడికి రాకండి."

"అదేం మాటప్పా?"

"ముందర పిల్లోళ్లు సుగ్గికి పోతే హాజరు తగ్గేది, అంతే. ఇప్పుడు పోయే బిడ్డ ఎవురో, ఏం చేయగలదో తెలుస్తాంది. నాతో కాదు మేడం."

తిడదామని నోరు తెరిచాను. ఏమని తిట్టను?

ఆ తర్వాత ఒకసారి మనసాగక ఆ బడికి వెళ్లి వరండాలో నిలబడ్డాను. లోపల అతను గైడు చూసి ధ్వని పాఠం ప్రశ్నలూ జవాబులూ చెబుతున్నాడు. మిగిలిన నలుగురైదుగురు పిల్లలు తల వంచుకుని రాసుకుంటున్నారు. నేను పలకరించకుండానే వెనక్కి తిరిగాను.