దొరస్వామి తుపాకి, రెండు గుడ్డముక్కలు

నమ్మితే నమ్మండి, లేకపోతే లేచి పోండి. దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లంటే నాకే అసహ్యం. కానీ ఇది నా ఇంట్లో, నా చేతుల్లో జరిగింది... మా అమ్మ మీద ఒట్టు.

అప్పుడు నేను బంగారు గనుల వర్క్‌షాపులో ఫిట్టర్ని. అంతకుముందు మిలిటరీలో తుపాకులు బాగుచేసే పని. గనులు దొరల చేతి నుంచి సర్కారు చేతికి వచ్చి చాలా ఏళ్లయినా, మా కూలీల ఇళ్ల లైన్లో దొరస్వామి మాత్రం ఇంకా దొరల కాలంలోనే బతుకుతున్నాడు. వాళ్ల తాత గని కాపలాదారు. ఆ తాత మోసిన తుపాకి వాళ్లింట్లో ఉంది. ఆయుధ పూజ వచ్చిందంటే దాన్ని బయటపెట్టి ఒకటే కోతలు.

"మా తాత దీంతోనే బంగారు దొంగను కాల్చినాడప్పా. ఫెన్సింగ్ కాడ. ఒకటే దెబ్బ. ఇది జర్మనీ తుపాకి, దొర మెచ్చుకోని ఇచ్చినాడు."

ఆ ఫెన్సింగ్ దగ్గరే మా తాత శవం దొరికింది. కాలు జారి గుంతలో పడ్డాడని చెప్పి, గనివాళ్లు గోనెలో చుట్టి ఇచ్చారట. విప్పొద్దన్నారట. మా నాయన ఆ మాటే నమ్ముకుని బతికాడు. ఇదేదీ దొరస్వామికి తెలియదు. వాడికి ఏం తెలుసు గనక!

ఆ ఏడు పూజకు ముందు తుపాకి తెచ్చి నా ముందు పెట్టాడు.

"తళతళా మెరవాలప్పా. ఎమెరీ పేపరు పెట్టి రుద్దు."

వాడి మొహం! ఏటేటా పసుపు కుంకుమ పూయడం, నిమ్మకాయ పిండడం, పూజ కాగానే ఇత్తడి చెంబును తోమినట్టు చింతపండుతో తోమడం. ఇనుము తుప్పు పట్టక ఏం చేస్తుంది? ఆ గరుకు కాగితం పెడితే దాని మీది ముద్రలన్నీ పోతాయని చెప్పినా ఆ బుర్రకెక్కదు. సరేనన్నాను. నాకు కావలసింది ఒక్కటే... ఈ తుపాకి ఎప్పుడైనా పేలిందా, లేదా?

రాత్రి అన్నం తిని కూర్చున్నాను. కిరసనాయిలు, పాత పళ్లబ్రష్షు, తెల్లచీర చింపిన ముక్కలు. కుంకుమ పెచ్చును నానబెట్టి మెల్లగా తీశాను. కింద కిరీటం ముద్ర. దాని కింద వి, ఆర్ అనే అక్షరాలు. విక్టోరియా రాణి కాలం నాటి మార్టినీ తుపాకి. అడుగున ఉన్న లీవరు లాగితే వెనక గది తెరుచుకుంటుంది, అందులో ఒక్క తూటా పెట్టాలి. జర్మనీ అట, జర్మనీ! లీవరు తుప్పుతో బిగుసుకుపోయింది. బలవంతం చేస్తే విరుగుతుంది. నూనె చుక్కలు వేసి వదిలేశాను.

గొట్టంలోకి కడ్డీతో గుడ్డ దూర్చాను. పసుప్పచ్చని గ్రీజు వచ్చింది... తయారుచేసిన చోట పూసిన గ్రీజు. మైనంలా గట్టిపడింది. మళ్లీ దూర్చాను. మళ్లీ గ్రీజే. చివరి గుడ్డ తెల్లగా వచ్చింది. మసి అన్నదే లేదు. ఒక్కసారి పేలినా మసి దొరికి తీరుతుంది. అంటే... ఇది పుట్టాక పేలనే లేదు!

పడీ పడీ నవ్వాను. కాపలాకు తుపాకి ఇచ్చారు, తూటా ఇవ్వలేదన్నమాట. కట్టె మోసినవాడి మనవడికి ఇంత పొగరా! మా తాత కాలు జారే పోయాడు. మా నాయన నమ్మిందే నిజం. గుండె తేలికైంది. తుపాకిని గోడకు ఆనించి, దీపం తగ్గించి పడుకున్నాను.

ఢాం...!

ఇల్లు అదిరింది. గూట్లో గిన్నెలు గలగలమన్నాయి. మా ఊళ్లో ఇది మామూలే. గనిలో రాయి పగిలితే పైన ఇలాగే ఉంటుంది. దాన్ని బరస్టు అంటాం. లైన్లో ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

"బరస్టులే, పండుకో" అంది నా భార్య అటు తిరిగి. కాసేపటికి మళ్లీ ఆమే... "ఏమయ్యా, చొక్కా మార్చలేదా? మందు వాసన వస్తా ఉండాది."

రాళ్లు పేల్చే మందు వాసన గనిలోకి దిగేవాళ్ల చొక్కాలకే పడుతుంది. నేను గనిలోకి దిగనే లేదు. నాది పైన వర్క్‌షాపు పని.

లేచాను. దీపం పెంచాను. తుపాకి గోడకు ఆనించినట్టే ఉంది... కానీ లీవరు తెరుచుకుని ఉంది. వెనక గది నోరు తెరిచి ఉంది.

చెయ్యి పెట్టాను... గొట్టం వెచ్చగా తగిలింది. పొయ్యి మీంచి దించి కాసేపైన పాలగిన్నెలా. గుడ్డ దూర్చాను. మెల్లగా... మెల్లగా లాగాను.

నల్లగా వచ్చింది. కాటుక నలుపు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను... కాలిన మందు.

తెల్లవార్లూ కూర్చుని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నూనె నానింది, అదురుకు లీవరు తెరుచుకుంది, వెనక గదిలోని మసి జారింది. మరి పేలని తుపాకిలో మసి ఎక్కడిది? ఆ వెచ్చదనం? వాసనంటే మా ఊరి గాలిలో ఎప్పుడూ ఉండేదే... అయితే ఆ రాత్రే ఆమె ఎందుకడిగింది? దయ్యమన్నవాణ్ణి చెప్పుతో కొట్టే రకాన్ని నేను. ఇప్పుడు ఎవణ్ణి కొట్టను?

పూజనాడు దొరస్వామి తుపాకికి మళ్లీ పసుపు పులిమాడు. గుమ్మడికాయ పగలగొట్టి, లైనంతా వినేటట్టు మళ్లీ అదే కథ ఎత్తుకున్నాడు. "మీ తాత దీంతో కాకిని కూడా కొట్టలేదురా" అని అందరిముందూ నవ్వుదామని ఆ రాత్రి తెల్లగుడ్డ చూసినప్పుడే మాట సిద్ధం చేసుకున్నాను. నోరు తెరిచాను. వేరే మాట వచ్చింది.

"ఆ దొంగ పేరేమప్పా?"

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. "ఇంగ దొంగకి పేరేందప్పా?" అన్నాడు. అందరూ నవ్వారు.

మా తాత పేరు మునెప్ప. నోటిదాకా వచ్చింది. తెల్లగుడ్డ, నల్లగుడ్డ రెండూ జేబులోనే ఉన్నాయి... ఏ గుడ్డను నమ్మి చెప్పేది?